ఆవిరిచుట్టయు ఇల్లాలి నిందయు

పిల్లలు లేని ఇంట నింద యెవరిపై పడునో మా పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. పెండ్లియై రెండు మూడు సంవత్సరములు గడచినను కడుపు పండని కోడలిని వైద్యుల చుట్టును త్రిప్పుదురు. నాగులచవితినాడు పుట్టలో పాలు పోయింతురు. తునికి చేరువనున్న లోవకు గొనిపోయి తలుపులమ్మ తల్లికి మ్రొక్కింతురు. సీమంతములకును బారసాలలకును ఆమెను పిలుచుటకు వెనుకాడుదురు. గొడ్రాలను మాట ముఖముననే అనకపోవచ్చును గాని ఆమెకు వినబడునంత దూరములోనే అందురు. ఇంత జరుగుచుండగా కుమారుని ఒక్కమారు పరీక్ష చేయింతమన్న ఆలోచన ఆ యింటిలో పెక్కుమందికి తట్టదు. తట్టినను నోరు విప్పుటకు ధైర్యము చాలదు. సంతానము కలుగని దంపతులలో సుమారు సగముమంది విషయమున పురుషునియందును లోపముండునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ఆ మాట ఆసుపత్రి గడప దాటి మన వాకిళ్లలోనికి ఇంకను రాలేదు.

ఈ సంగతిని నేడు ప్రత్యేకముగా ఎత్తుకొనుటకు కారణము కలదు. పురుషుని వీర్యమునకు హాని చేయునని నానాటికి అనుమానము బలపడుచున్న వస్తువొకటి మన యువకుల జేబులలో చేరియున్నది. దానిని ఇ-సిగరెట్టు అనుచున్నారు. కుర్రవారి వాడుకలో 'వేప్'. కలమువలె నుండును, లేదా కంప్యూటరునకు తగిలించు పెన్‌డ్రైవు వలె నుండును. తండ్రి చేతికి దొరకినను అది యేమో గుర్తింపజాలడు. లోపల చిన్న బ్యాటరీ, దానిచే వేడెక్కు సన్నని తీగచుట్ట, ఆ తీగను తడుపు ద్రవము ఉండును. పీల్చినపుడు ద్రవము కాగి మంచువంటి ఆవిరియై నోటికి వచ్చును. నేటి రూపమున దీనిని 2003లో కల్పించినవాడు హాన్ లిక్ అను చీనాదేశపు ఔషధశాస్త్రజ్ఞుడు. తానును పొగకు మరిగినవాడే యగుటచే దానినుండి విముక్తికి దారి వెదకుచు దీనిని కనిపెట్టెనందురు. ఆయన యుద్దేశ మెట్టిదైనను, ఆ వస్తువు వర్తకుల చేతిలో పడినపిమ్మట జరిగిన కథ వేరు.

గోదావరీతీరవాసులకు పొగాకు కొత్తది కాదు. లంకపొగాకు పేరు వినని ఆంధ్రుడుండడు. స్వాతంత్ర్యము వచ్చిన 1947వ సంవత్సరముననే పొగాకు పరిశోధనకై కేంద్రసంస్థ యొకటి రాజమహేంద్రవరమున వెలసినదనగా ఈ పంటకును ఈ సీమకును గల బంధము తెలియుచున్నది. తమలపాకునకు పేరుపొందిన తునిలో భోజనానంతరము తాంబూలమును, దాని వెనుకనే చుట్టయు గౌరవ మర్యాదలలో భాగములుగా నుండెడివి. విశాఖ, శ్రీకాకుళ ప్రాంతముల పల్లెలలో స్త్రీలు నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని పీల్చు అడ్డపొగ వలన అంగిటిలో పుండ్లును పుట్టకురుపులును కలుగుటను వైద్యులు కనిపెట్టి, దశాబ్దములుగా దానిపై గ్రంథములు వ్రాయుచునే యున్నారు. కన్యాశుల్కములో గిరీశము శిష్యుడైన వెంకటేశమునకు నేర్పిన విద్యలలో స్థిరముగా నిలిచినది చుట్ట కాల్చుటయేనని గురజాడ అప్పారావుగారు హాస్యముగా చూపినది అబద్ధమైన లోకము కాదు. మహాత్మాగాంధీయంతటివాడు బాల్యమున బంధువుతో గూడి పొగకు మరిగి, సేవకుల డబ్బులు దొంగిలించి కొనితిమని తన ఆత్మకథలో దాపరికము లేక ఒప్పుకొనియున్నాడు.

అయినను చుట్టకొక గుణము ఉండెను. అది దాగదు. బట్టలకును, మీసమునకును, గదికిని దాని కంపు పట్టును. వీధిలోనే తల్లి పసిగట్టి చీవాట్లు పెట్టగలిగెను. నేటి పరికరమునకు ఆ భయము లేదు. మామిడిపండు వాసన, పుదీనా వాసన, మిఠాయి వాసన వచ్చును. క్షణములో అదియు పోవును. "ఏమిరా అబ్బీ, ఆ పొగ యేమిటి?" అని తాత అడిగినచో, "పొగ కాదు తాతయ్యా, వట్టి ఆవిరి" అని మనుమడు బదులు చెప్పును. ఇడ్లీపాత్రమీద లేచు ఆవిరినే ఎరిగిన తాత నమ్మి ఊరకుండును.

వట్టి ఆవిరి యనుటయే ఇందలి పెద్ద అబద్ధము. అందు నీటి ఆవిరి ప్రధానము కాదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్ అను ద్రవ్యములు, పరిమళద్రవ్యములు, పెక్కింటిలో నికోటిను కలసియుండును. తీగ అధికముగా వేడెక్కినపుడు ఆ ద్రవ్యములు విరిగి ఫార్మాల్డిహైడు, ఎక్రోలిన్ వంటి మంటపుట్టించు విషములగును. తీగనుండి నికెలు, క్రోమియము, సీసము వంటి లోహముల సూక్ష్మకణములును ఆవిరిలో చేరుటను పరీక్షకులు కనుగొనిరి. ఇవి ఊపిరితిత్తులలోనే ఆగిపోవునని తలచుట పొరపాటు. ఊపిరితిత్తినుండి రక్తమునకును, రక్తమునుండి సర్వాంగములకును పోవును. పొగత్రాగువారి వీర్యద్రవమునందు నికోటిను నుండి పుట్టిన పదార్థము లభించుచున్నది. అనగా నోట పీల్చినది బీజస్థానమువరకును ప్రయాణము చేయుచున్నదన్నమాట.

వీర్యకణముయొక్క నిర్మాణమును గమనించినచో దానికి విషము తగులుట యెంత సులువో తెలియును. ఆ కణమును కప్పియున్న పొర సులభముగా చెడు క్రొవ్వుపదార్థములతో కూడినది. విషవాయువుల వలన శరీరమున పుట్టు ఉగ్రమైన ఆమ్లజని రూపములు ముందు ఆ పొరను కాల్చును. పిమ్మట లోపలనున్న వంశసూత్రములను తెంపును. తక్కిన కణములు తమ గాయములను తామే మాన్పుకొనగలవు. పక్వమైన వీర్యకణమునకు ఆ శక్తి మిక్కిలి తక్కువ. తోక చలనము మందగించును, సంఖ్య తగ్గును. ఇక నికోటిను రక్తనాళములను కుంచింపజేయును. పురుషాంగమునకు రక్తము చక్కగా ప్రవహింపనిదే దాంపత్యము సాగదను సంగతి విడమరచి చెప్పవలసినది కాదు.

సిగరెట్టు విషయమున సందేహము తీరిపోయినది. 20 పరిశోధనలను, 5,865 మంది పురుషుల ఫలితములను కలిపి చూచి 2016లో ప్రకటించిన ఒక సమీక్ష, పొగ వలన వీర్యకణముల సంఖ్యయు చలనమును తగ్గుచున్నవని తేల్చినది. ఇ-సిగరెట్టును గూర్చి మనుష్యులలో జరిగిన పరీక్షలు ఇంకను కొద్ది. వానిలో ముఖ్యమైనది డెన్మార్కుదేశమున జరిగినది. అచ్చట సైన్యసేవకై నిర్బంధముగా దేహపరీక్షకు వచ్చు యువకులలో 2,008 మందిని 2012 మొదలు 2018 వరకు పరీక్షించి, 2020లో ఫలితములు వెల్లడించిరి. ఇ-సిగరెట్టు ముట్టనివారిలో మొత్తము వీర్యకణముల సంఖ్య 14 కోట్ల 70 లక్షలుండగా, దినదినము పీల్చువారిలో 9 కోట్ల 10 లక్షలు మాత్రమే యుండెను. సిగరెట్టు ముట్టనివారికి 13 కోట్ల 90 లక్షలు, నిత్యము కాల్చువారికి 10 కోట్ల 30 లక్షలు. సిగరెట్టుకంటె మేలైనదని చెప్పి అమ్మిన వస్తువు ఈ యొక్క విషయమున సిగరెట్టు సరసనే నిలిచినదని ఈ అంకెలు చెప్పుచున్నవి.

ఇక్కడ మేము పాఠకులను భయపెట్టి లాభము పొందగోరువారము కాము. ఆ పరీక్షకు గల పరిమితులను దాచుట న్యాయము కాదు. ఒక్క కాలమున చూచిన చూపే గాని, సంవత్సరముల తరబడి వెంట నడచి చూచినది కాదు. నిత్యము ఆవిరి పీల్చువారి సంఖ్య అందు స్వల్పము. వారిలో పలువురు సిగరెట్టును, గంజాయిని గూడ వాడుచుండిరి. లెక్కలలో వానిని తీసివేయ యత్నించినను సంపూర్ణముగా విడదీయుట కష్టము. టెస్టోస్టిరాన్ అను పురుషరసము ఆవిరి పీల్చువారిలో తగ్గినట్లు కనబడలేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో నిర్ణయించిన కనీసపు మేర 3 కోట్ల 90 లక్షలు. దానితో పోల్చిన 9 కోట్లు ఇంకను పైననే యున్నవి. కావున ఇ-సిగరెట్టు పీల్చిన ప్రతివాడును సంతానహీనుడగునని యెవరైన చెప్పినచో అది అసత్యము. కాని పందొమ్మిదేండ్ల ప్రాయముననే బీజసంపద మూడవవంతునకు పైగా తక్కువగా నున్నచో, జ్వరములు, ఎండలు, పురుగుమందులు, పైబడు వయస్సు అను తక్కిన శత్రువులను తట్టుకొనుటకు ఆ యువకునికి మిగులునది యెంత?

జంతువులపై జరిగిన పరీక్షలు ఈ అనుమానమునకు బలము చేకూర్చుచున్నవి. ట్యునీషియాదేశపు శాస్త్రజ్ఞులు ఈ ద్రవమును మగ ఎలుకలకెక్కించి చూచి 2016లో ప్రకటించిన ఫలితములలో, వీర్యకణముల సాంద్రతయు జీవశక్తియు తగ్గెను, టెస్టోస్టిరానును తగ్గెను. నికోటిను లేని ద్రవమెక్కించిన ఎలుకలలోను ఈ క్షీణత కనబడుట గమనింపదగినది. 'మాది నికోటిను లేనిది' యని సమాధానపడు కుర్రవాడు ఈ సంగతి తెలిసికొనవలెను. ఎలుకకు సూదితో ఎక్కించుట వేరు, మనుష్యుడు పీల్చుట వేరు అని ఆక్షేపింపవచ్చును. అది నిజమే. అమెరికాలో వేలాది పురుషులను ప్రశ్నించి 2021 చివర ప్రకటించిన విచారణ మాత్రము మనుష్యులనుగూర్చినదే. 20 నుండి 65 సంవత్సరముల లోపు వయస్సు కలిగి, హృద్రోగము లేనివారిలో గూడ, దినదినము ఆవిరి పీల్చువారు అంగస్తంభన లోపమును చెప్పుకొనుట ఎన్నడును పీల్చనివారికంటె రెండురెట్లకు పైగా నుండెను.

ఇంగ్లండు ప్రజారోగ్యశాఖవారు 2015లో ఇ-సిగరెట్టు సిగరెట్టుకంటె నూటికి 95 పాళ్లు తక్కువ హానికరమని చెప్పియుండిరి కదా యని మమ్ము ప్రశ్నింపవచ్చును. ముప్పదియేండ్లు సిగరెట్టు కాల్చి మానలేక చచ్చుచున్నవానికి అది చెప్పిన మాట. మంటలో నున్నవానికి ఎండ చల్లననిపించును. నీడలో కూర్చున్నవానిని ఎండలోనికి పిలుచుటకు ఆ మాట సాక్ష్యము కాజాలదు. మన ఊళ్లలో దీనిని చేబూనుచున్నది చుట్ట మాన్పించుకొనదలచిన ముసలివారా, సిగరెట్టు నెన్నడును ముట్టని కళాశాల విద్యార్థులా? అమ్మకపుటెత్తులను చూచినవారికి సందేహముండదు. పందారచిలుక రుచియు బొమ్మల రంగులును ముసలివాని కొరకు వేసినవి కావు.

ఈ వ్యాపారము వెనుకనున్న ధనమును గూర్చియు ఒక్క మాట. 2018 డిసెంబరులో అమెరికాలోని ఆల్ట్రియా అను సిగరెట్టుల కంపెనీ జూల్ అను ఇ-సిగరెట్టు కంపెనీలో నూటికి 35 వంతుల వాటాను 1,280 కోట్ల డాలర్లకు కొన్నది. సిగరెట్టుకు విరుగుడని చెప్పబడిన వస్తువును సిగరెట్టు వర్తకుడే కొనుటకంటె విడ్డూర మేముండును? పాత గిరాకీ చచ్చిపోవుచుండగా కొత్త గిరాకీని పుట్టించుకొనుటయే ఇందలి రహస్యము. ఆ పరికరములలో అధికభాగము చీనాలోని షెంజెన్ నగర ప్రాంతమున తయారగుచున్నవి. మన యువకుడు చెల్లించు రూపాయి విదేశమునకు పోవును. వ్యాధి మాత్రము స్వదేశమున నిలుచును.

ఈ విషయమున భారతప్రభుత్వము మేలుకొనలేదని చెప్పజాలము. 2019 మే నెలలో భారత వైద్యపరిశోధనా మండలి సంపూర్ణ నిషేధమును కోరినది. ఆ సంవత్సరము సెప్టెంబరు 18వ తేదీన ఆర్డినెన్సు వచ్చినది; డిసెంబరులో అది చట్టమైనది. తయారు చేయుట, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకము, ప్రకటన అన్నియు నేరములు. మొదటి నేరమునకు ఒక సంవత్సరమువరకు ఖైదు, లేదా లక్ష రూపాయలవరకు జుల్మానా, లేదా రెండును. మరల చేసినచో మూడేండ్లవరకు ఖైదు, అయిదు లక్షల వరకు జుల్మానా. సరకు నిలువచేసినను ఆరు నెలల శిక్ష కలదు. పీల్చినవానిని మాత్రము చట్టము శిక్షింపదు. అది సమంజసమే, మోసపోయినవానిని జైలుకు పంపుట మేము కోరము.

చట్టము మంచిదే. ఆచరణ మాట వచ్చినప్పుడు తలవంచుకొనవలసి యున్నది. నిషేధము వచ్చిన నాలుగేండ్లకు, 2023లో, ఈ సరకును బహిరంగముగా అమ్ముచున్న 15 వెబ్‌సైటులకు కేంద్ర ఆరోగ్యశాఖవారే తాఖీదులు పంపవలసి వచ్చినది. హైదరాబాదు వంటి నగరములలో పోలీసువారు పలుమార్లు సరకు పట్టుకొనుచునే యున్నారు, అమ్ముడు ఆగుటలేదు. తుని వంటి పట్టణము చెన్నై-హౌరా ఇనుపదారిమీదను, 16వ నెంబరు జాతీయరహదారిమీదను ఉన్నది. ఒకవైపు విశాఖ, ఒకవైపు కాకినాడ, రాజమహేంద్రవరము. మన బిడ్డలు చదువులకును కొలువులకును ఆ బండ్లమీదనే పోయి వచ్చుచున్నారు. ఊరిలో దుకాణము లేకున్నను ఫోనులో బేరమాడి పార్సెలుగా తెప్పించుకొనవచ్చును. దీనిని పోలీసు కానిస్టేబులు ఒక్కడే ఆపగలడని యనుకొనుట భ్రమ.

ప్రభుత్వమువారితో మాకొక తగవు కూడ కలదు. ఆవిరిని నిషేధించిన చేతితోనే సిగరెట్టుపై పన్ను వసూలు చేయుచున్నారు. గుంటూరున పొగాకు బోర్డు నుంచుకొని, పొగాకు ఎగుమతిని ప్రోత్సహించుచున్నారు. రైతును ఒక్కనాడు రోడ్డుపై నిలబెట్టుడని మేము చెప్పము; అతనికి వేరు పంటలకు తోవ చూపుట ప్రభుత్వపు విధి. కాని ఆవిరి చెడ్డది, పొగ లైసెన్సు గలది అను భేదమును చూచిన కుర్రవాడు ఏమి నేర్చుకొనును? వీర్యపరీక్షల ఫలితములలో రెండును ఒక్క పంక్తిలోనే కూర్చున్నవి. విద్యాలయములకు నూరు గజముల లోపల సిగరెట్టు, పొగాకు అమ్మరాదని 2003 చట్టమున ఉన్నది. తునిలోను, తాండవనదికి ఆవలనున్న పాయకరావుపేటలోను బడి గోడవెంట ఉన్న కిళ్లీకొట్ల దూరమును పురపాలకులు, పంచాయతీవారు ఒక్కమారు టేపు పట్టి కొలచి చూడవలసినదిగా కోరుచున్నాము.

ఇక ఇండ్లలో జరుగవలసినది. కుమారుని జేబులో ఆ పరికరము దొరకిన తండ్రి చెంపదెబ్బతో ఆరంభింపరాదు. దెబ్బ తిన్నవాడు మరింత దాచును. నికోటినుకు బానిసయైనవానికి మానుకొనుట మాటలు కాదు. మొదటి వారములలో చికాకు, నిద్రలేమి, తలనొప్పి తప్పవు. పొగాకు మానదలచిన వారికి సలహా నిచ్చుటకు ప్రభుత్వమువారు 1800-11-2356 అను ఉచిత ఫోనును నడపుచున్నారు. ఒక మంచి కబురును గూడ అతనికి చెప్పవలెను. వీర్యకణము పుట్టి పక్వమగుటకు సుమారు 74 దినములు పట్టును. అది బయటకు సిద్ధమగుటకు మరికొన్ని దినములు. అనగా నేడు మానినవాని శరీరమున మూడు నెలలకు పూర్తిగా కొత్తపంట వచ్చును. సార్వాకు నారు పోసి, కోతకు ఎదురుచూచు గోదావరి రైతుబిడ్డకు మూడు నెలల ఓర్పు పెద్దది కాదు.

పెండ్లియై ఏడాది గడచినను సంతానము కలుగనపుడు మొదట పరీక్ష జరుగవలసినది భర్తకు. ఇది స్త్రీపక్షము వహించి చెప్పుచున్న మాట మాత్రమే కాదు. లెక్కచూచినను ఇదియే తెలివి. స్త్రీకి చేయు పరీక్షలు పలుమార్లు సూదిపోట్లతోను, కొన్ని మత్తుమందుతోను కూడినవి. ఖర్చు వేలలో నుండును. పురుషుని పరీక్షకు రెండు మొదలు ఏడు దినములవరకు నియమము పాటించి ఒక సీసాలో నమూనా ఇచ్చిన చాలును. సూక్ష్మదర్శని, లెక్కింపుగాజు, శిక్షణగల ఉద్యోగి ఉన్న చోట గంటలలో ఫలితము వచ్చును. ఒక్కమారు తక్కువ వచ్చినంతనే నిరాశపడక, కొన్ని వారములకు మరల చేయింపవలెను. వైద్యుడు పొగ, ఆవిరి అలవాట్లను గూర్చి సూటిగా అడుగవలెను. సిగరెట్టు కాల్చుదువా యని మాత్రమే అడిగినచో, ఆవిరి పీల్చువాడు లేదని చెప్పి సత్యమే పలికితి ననుకొనును.

పిల్లలు లేని కోడలిని ఆసుపత్రికి తీసికొనివచ్చిన అత్తగారితో, 'అమ్మా, అబ్బాయిని గూడ పిలుచుకొని రండు, వాని పరీక్ష ముందు' అని చెప్పు నర్సమ్మ ఒక్కరైనను ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో నుండవలెను. తుని ఏరియా ఆసుపత్రిలోను, కాకినాడ పెద్దాసుపత్రిలోను ఈ పరీక్ష రుసుము లేక, వరుసలో నిలబడి సిగ్గుపడనక్కరలేని చాటైన గదిలో జరుగునట్లు చేయుటకు జిల్లా వైద్యాధికారులు పూనుకొనవలెను. అందుకు వలయు సొమ్ము ఒక వీధిదీపముల పద్దునకు మించదు. ఈ విషయమున అధికారులు ఇచ్చు సమాధానమును మా పత్రికలో సంతోషముతో ప్రకటింతుము.